కలకత్తా, అక్క, గడువు తీరబోయే పాయింట్లు

కలకత్తా వెళ్లాలని మేము ప్రత్యేకంగా అనుకోలేదు. కలకత్తాకు సీట్లు దొరికాయి, అంతే. ఒక హోటల్ సంస్థ ఖాతాలో నాకు వేలకొద్దీ పాయింట్లు మూలుగుతున్నాయి. రెండేళ్లు కదలిక లేకపోతే రద్దవుతాయని ఉత్తరం మీద ఉత్తరం పంపారు. క్రెడిట్ కార్డు మీద పోగైన పాయింట్లను విమాన సంస్థ ఖాతాకు పంపాను. అవి చేరడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నేను చూసిపెట్టుకున్న ఊళ్లకు సీట్లు అయిపోయాయి. పంపిన పాయింట్లు వెనక్కి రావు. మిగిలిన ఊళ్లలో సంక్రాంతికి ముందు శని, ఆదివారాలకు కుదిరింది కలకత్తా ఒక్కటే. పోయేటప్పుడు ఇద్దరికీ పాయింట్ల మీద, వచ్చేటప్పుడు ఒకరికి మాత్రమే.

తోడు మా పెద్దక్క. తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైంది. చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న లెక్కల పుస్తకం ఉంటుంది. "ఉచితంగా తిరిగి రావచ్చు అంటున్నావు కదా, ఎంత ఉచితమో రాసి చూద్దాం" అని బయలుదేరింది. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

జనవరి 9, శుక్రవారం: న్యూటౌన్

"ఇది కలకత్తా కాదే" అంది అక్క, టాక్సీ కిటికీలోంచి చూస్తూ.

నిజమే. అద్దాల మేడలు, వెడల్పాటి రోడ్లు, ఒక కూడలి మీద పెద్ద పెద్ద ఉక్కు వంపులు, వాటి నడుమ వేలాడుతున్న గాజు వలయం. విమానాశ్రయం నుంచి అరగంట కాకముందే హోటల్ వచ్చేసింది. ఊరి నడిబొడ్డున ఉన్న హోటల్‌కు రెండు రాత్రులకు 32,000 పాయింట్లు అడిగారు, ఇక్కడ 17,000. మ్యాపులో రెండూ "కోల్‌కతా" అనే ఉన్నాయి. తక్కువకు వచ్చిందని మురిసిపోయి తీసుకున్నాను. ఊరు ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు ఉందని నాకు తట్టలేదు అంటే అబద్ధం. తట్టింది, పక్కకు నెట్టాను.

హోటల్ బల్ల దగ్గరి కుర్రవాడు నా సభ్యత్వం వెండి హోదా అని గుర్తించి, చాలా గౌరవంగా రెండు నీళ్ల సీసాలు, ఒక కృతజ్ఞతా పత్రం చేతిలో పెట్టాడు. ఆ వెంటనే అంతే గౌరవంగా 5,000 రూపాయల డిపాజిట్‌కు కార్డు అడిగాడు.

"ఉచితమన్నావు కదే!"

గదికి కాదు, గదిలో మనం తాగేదానికీ తినేదానికీ హామీ అని చెప్పాను. డబ్బు పోదు, కార్డు మీద ఆపి ఉంచుతారు, ఖాళీ చేశాక వదిలేస్తారు, బ్యాంకులో కనిపించడానికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది. అక్క ఒక నిమిషం ఆలోచించి ఆ 5,000ను పుస్తకంలో పెన్సిల్‌తో రాసింది. మిగిలినవన్నీ పెన్నుతో.

గదిలో కూర్చుని నేను నా తెలివితేటలు ప్రదర్శించాను. ఈ గది డబ్బు పెట్టి తీసుకుంటే రాత్రికి 8,200, పైన 18 శాతం పన్ను, మొత్తం 9,676. రెండు రాత్రులకు 19,352. దాన్ని 17,000తో భాగిస్తే పాయింటుకు రూపాయి పైచిలుకు. విమానానికి అంత గిట్టుబాటు కాలేదు, ఎందుకంటే పాయింట్లు అసలు చార్జీకే చెల్లుతాయి, విమానాశ్రయ రుసుములు, భద్రతా రుసుము మన జేబులోంచే కట్టాలి. మూడు సీట్లకు కలిపి 1,740 అయింది.

"ఈ విద్య ఎవరు కనిపెట్టారే?"

ఇప్పుడున్న పద్ధతికి దారి వేసింది అమెరికన్ ఎయిర్‌లైన్స్ అని, 1981లో అడ్వాంటేజ్ అనే పథకం పెట్టాక మిగతా విమాన సంస్థలూ, హోటళ్లూ అదే బాట పట్టాయని చెప్పాను. అక్క పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆమె చదువుకునే రోజుల్లో మెస్సులో ముప్పై భోజనాల టికెట్ల పుస్తకం కొంటే రెండు అదనంగా ఇచ్చేవాడట. "ఆ రెండూ ఏనాడూ వాడుకోలేదు. సెలవులకు ఇంటికి వచ్చేసేదాన్ని. వాడికి తెలుసు."

రాత్రి తిండికి హోటల్ ప్రహరీ దాటి వంద అడుగులు నడిస్తే ఒక బండి. మైదా పరాటాను పెనం మీద గుడ్డుతో కలిపి కాల్చి, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎగ్ రోల్. అక్క టమాటా సాస్ అడిగింది. అతను సీసా ఇచ్చాడు కానీ మొహంలో బాధ దాచుకోలేదు. రెండోది తినేటప్పుడు అక్క సాస్ ముట్టుకోలేదు. "బాగుందా దిదీ?" అని అప్పుడు అడిగాడు.

జనవరి 10, శనివారం: నది కింద, నది మీద

శనివారం అక్క మాంసం ముట్టదు, వెంకటేశ్వరస్వామి మొక్కు. అందుకని ఆ రోజు శాకాహారం, మర్నాడు చూసుకుందాం అని ఒప్పందం.

పొద్దున టాక్సీ కోసం ఫోనులో చూస్తే ఊరి నడిబొడ్డున ఉన్న ధర్మతల వరకు 450 చూపించింది. హోటల్ గేటు దగ్గరి కాపలా మనిషి మా మొహాలు చూసి ఉచిత సలహా ఇచ్చాడు. ఆటో ఎక్కి సెక్టార్ ఫైవ్ వెళ్లండి, అక్కడి నుంచి మెట్రో నేరుగా హావ్‌డా, అదే మనం హౌరా అనేది, అక్కడి వరకు ఉంది. మనిషికి 30 రూపాయలు. 2025 ఆగస్టు దాకా ఈ మార్గం మధ్యలో తెగిపోయి ఉండేది. బౌబజార్ దగ్గర సొరంగం తవ్వుతుండగా 2019లో పాత ఇళ్లు కూలిపోయి పని ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. ఇప్పుడు ఆ బౌబజార్ కిందినుంచే అందరూ ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోతున్నారు.

హుగ్లీ నది కింద సొరంగం పొడవు 520 మీటర్లు. ఆ భాగంలో గోడలకు నీలం దీపాలు పెట్టారు, లేకపోతే నది వచ్చిందని కూడా తెలియదు. అక్క వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. నలభై మూడు దగ్గర దీపాలు అయిపోయాయి. హావ్‌డాలో దిగాక పైకి వచ్చే మెట్లు మాత్రం ఎంతకీ తరగవు. మన దేశంలో అతి లోతైన మెట్రో స్టేషన్లలో అదొకటి.

బయటికి వస్తే వంతెన. పొగమంచులో పై సగం లేదు. నట్లు, బోల్టులు లేకుండా రివెట్లతోనే కట్టి 1943లో తెరిచారు. రవీంద్ర సేతు అన్న పేరు 1965లో పెట్టినా అందరి నోటా హావ్‌డా వంతెనే. నడకదారిలో ఉక్కు స్తంభాల మొదళ్లకు ఫైబర్ తొడుగులు ఉన్నాయి. కిళ్లీ ఉమ్ములకు ఉక్కు తినేస్తోందని వేశారు. ఇరవై ఆరు వేల టన్నులకు పైగా ఉక్కు, యుద్ధం రోజుల్లో నిలబెట్టారు, కిళ్లీకి భయపడవలసి వచ్చింది అని అక్క చాలాసేపు నవ్వింది.

అవతలి ఒడ్డున, వంతెన కిందే మల్లిక్ ఘాట్ పూల బజారు. అక్కడ ఆగి చూడటానికి లేదు. తలమీద బంతిపూల మోపుతో వచ్చే మనిషి ఆగడు, మనమే తప్పుకోవాలి. "జరగండి" అనే మాట కూడా ఉండదు, ఒక రకమైన కూత, అంతే. దండలు ఇరవై చొప్పున కట్టలు కట్టి అమ్ముతున్నారు. అక్క ఒక్క దండ అడిగింది. అమ్మేవాడు విని, తల అడ్డంగా ఊపి, పక్కవాడితో ఏదో అని, చివరికి ఒక దండ లాగి ఇచ్చి డబ్బు వద్దన్నాడు. అక్క పది రూపాయలు బల్లమీద పెట్టేసి వచ్చింది. దండను వంతెన మీదినుంచి గంగలో వేద్దామనుకుంది కానీ అంత ఎత్తునుంచి విసరడం బాగుండదని చేతికే చుట్టుకుంది.

తప్పుదారి ఇక్కడ మొదలైంది. బాబూఘాట్‌కు పడవలు హావ్‌డా వైపు నుంచి వెళ్తాయని ఎవరో చెప్పగా మళ్లీ వంతెన దాటాము. రేవులో టికెట్టు పది రూపాయల లోపే. గుంపు ఎటు కదిలితే అటు కదిలాము. పడవ కదిలాక కుడివైపు తిరగాల్సింది ఎడమవైపు తిరిగింది. పక్కనున్న ఆయన్ని అడిగితే, ఇది శోభాబజార్ పడవ అన్నాడు. ఆయన వెనకాలాయన, అహిరీటోలాలో దిగితే మంచిది అన్నాడు. మూడో ఆయన ఇద్దరినీ కాదన్నాడు. మేము ఎక్కడ దిగాలన్న విషయం మీద పడవలో సగం మంది వాదించుకుంటుంటే మేమిద్దరం మర్యాదగా విన్నాము. ఈ ఊళ్లో దారి అడిగితే దారి చెప్పి ఊరుకోరు. మన ప్రయాణాన్ని తమ బాధ్యతగా తీసుకుంటారు.

చివరికి శోభాబజార్‌లో దిగాము. దిగినందుకు కుమర్‌టులి దొరికింది. బొమ్మలు చేసే కుమ్మరుల వాడ. దుర్గ బొమ్మలకు పేరు, కానీ మేము వెళ్లేసరికి వసంత పంచమికి రెండు వారాలు కూడా లేదు. వాడంతా సరస్వతులు. వెదురు చట్రం, గడ్డి దేహం, పైన గంగమట్టి. తలలు విడిగా బల్లమీద ఆరుతున్నాయి. సందులో ఒక వరుసంతా హంసలే, ఇంకా ముక్కులు పెట్టలేదు. ఒక కుర్రవాడు మోకాళ్ల మీద కూర్చుని వీణలకు రంగు వేస్తున్నాడు. ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను. తీసుకోమని చెప్పి, గోడకున్న డబ్బా చూపించాడు. ఇరవై రూపాయలు వేశాను. జీవితమంతా బడిలో సరస్వతి పటానికి దండ వేసిన అక్క చేతినుంచి బంతిపూలు విప్పి ఒక తడిమట్టి పాదాల దగ్గర పెట్టబోయింది. కుర్రవాడు కంగారుగా వారించాడు. రంగు వేయలేదు, కళ్లు దిద్దలేదు, ఇంకా అమ్మవారు కాదు. అక్క దండ మళ్లీ చుట్టుకుంది.

మధ్యాహ్నం కాలేజ్ స్ట్రీట్. ఒక మిఠాయి దుకాణంలో వేడి కచోరీలు, బంగాళదుంప కూర, ఆకు దొన్నెలో. తర్వాత చలికాలంలో మాత్రమే దొరికే ఖర్జూర బెల్లం సందేశ్. ఆ బెల్లం వాసనకు అక్క కళ్లు మూసుకుంది. మన తాటిబెల్లానికి చుట్టం, కానీ పొగ వాసన వేరు. ఆ రోజు తిన్నవాటిలో అదే నాకు ఎక్కువ గుర్తుంది.

పుస్తకాల బడ్డీల మధ్య అక్కను కదిలించడం కష్టమైంది. పాత పుస్తకాలు గోడలా పేర్చి ఉంటే అడుగునున్న దాన్నే అడుగుతుంది. దొరికింది బంగ్లా బాలశిక్ష ఒకటి, 40 రూపాయలు. ఇక్కడికి ఎగువన, ఇదే నది ఒడ్డున శ్రీరాంపురంలో ఇంగ్లండు నుంచి వచ్చిన మతప్రచారకుడు విలియం కేరీ తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చు వేశాడు, 1814లో. ఆ సంగతి అక్క కాఫీ హౌస్‌లో మాతో బల్ల పంచుకున్న ఒక పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పింది. ఆయన సంతోషించి, బెంగాలీ వ్యాకరణం అంతకుముందే వేశాడని గుర్తు చేశాడు. అరగంట సేపు ఎవరి భాష గొప్ప అన్నది ఎవరూ పైకి అనలేదు, కానీ ఇద్దరూ అదే మాట్లాడుకున్నారు. తలపాగా పెట్టుకున్న వెయిటరు పాలు లేని కాఫీ తెచ్చాడు, ఇక్కడ దాన్ని ఇన్‌ఫ్యూజన్ అంటారు. రెండో కప్పు అడిగేదాకా మా వైపు చూడలేదు, లేవమనీ అనలేదు.

పెద్దాయన లేచి వెళ్తూ "ఆశ్చి" అన్నాడు. అంటే వస్తున్నాను అని. వెళ్తూ వస్తున్నాననడం ఏమిటని ఇతర ఊళ్ల వాళ్లు తికమకపడతారట. అక్క వెంటనే "వెళ్లొస్తాను" అని ఆయనకు నేర్పింది. ఆయన రెండుసార్లు అన్నాడు. "ళ్ల" దగ్గర ఓడిపోయాడు.

చీకటి పడే వేళకు, పొద్దున పోలేకపోయిన బాబూఘాట్‌కు చేరాము. అది మేము ఊహించిన ప్రశాంతమైన రేవు కాదు. సంక్రాంతికి గంగాసాగర్ వెళ్లే యాత్రికుల మజిలీ. గుడారాలు, మండుతున్న ధునులు, విభూతి పూసుకున్న సాధువులు, పెద్ద గుండిగల్లో ఉడుకుతున్న కిచిడీ. పొగకు కళ్లు మండాయి. గుంపులో తెలుగు వినిపించి తల తిప్పాము. శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన ఒక బృందం, అంతా ముసలివాళ్లు. ఒక అవ్వ "ఏ ఊరమ్మా మీది? ఎక్కడ దిగారు?" అని అడిగింది. హోటల్ పేరు చెప్పబోయి ఊరుకున్నాను. అక్క మాత్రం "పాయింట్ల మీద వచ్చాం అవ్వా" అంది. అవ్వకు అది ఒక మొక్కు పేరులా వినిపించి ఉంటుంది. "మంచిది తల్లీ" అని దీవించి, మూటలోంచి రెండు అరిసెలు తీసి ఇచ్చింది. పుణ్యతీర్థాలన్నిటికీ ఎన్నిసార్లయినా పోవచ్చు, గంగాసాగరానికి ఒక్కసారే అని ఒక మాట ఉంది కదా, అది చెప్పి, ఈ ఒక్కసారి కోసం నాలుగేళ్లు డబ్బు కూడబెట్టానంది.

రాత్రి అక్క లెక్క రాస్తూ "అరిసెలు 2" అని రాసి ఎదురుగా గీత గీసింది.

జనవరి 11, ఆదివారం: టిరెట్టా బజారు

హోటల్లో ఉదయపు ఫలహారం మనిషికి 950, పైన పన్ను. పాయింట్లతో వచ్చినవాళ్లకు అది కలవదు, పై హోదాల వాళ్లకు తప్ప. వెండికి నీళ్ల సీసాలే. ఆ పాటికి అక్క కూడా వెండి, బంగారం, ప్లాటినం అని వరసలు నేర్చుకుని, "ప్లాటినం వాళ్లకు ఇడ్లీ ఉచితం కాబోలు" అంటోంది.

కాబట్టి చీకటితోనే టాక్సీ ఎక్కి చైనా వాళ్ల ఫలహారాలకు టిరెట్టా బజారు వెళ్లాము. ఆదివారాల్లో మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, మనం వెళ్లేసరికి తిండి అయిపోతుంది. 420 రూపాయలు. నేను మిగుల్చుకున్న పదిహేను వేల పాయింట్లను టాక్సీలు కొంచెం కొంచెంగా కొరుక్కు తింటున్నాయి. నడిబొడ్డున దిగి ఉంటే నడిచి వచ్చేవాళ్లం. అక్క ఏమీ అనలేదు. పుస్తకం తెరిచి, 420 రాసి, కింద గీత కొంచెం గట్టిగా గీసింది.

లాల్‌బజార్ వెనక, రోడ్డు పక్క బల్లలు. ఆవిరి గిన్నెల మూతలు తీసినప్పుడల్లా మనుషులు మాయమై మళ్లీ కనిపిస్తారు. ఇటలీ నుంచి వచ్చిన టిరెట్టా అనే ఆయన పేరు బజారుకు నిలిచింది, తిండి మాత్రం చైనా వాళ్లది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వచ్చి స్థిరపడ్డవాళ్ల తర్వాత ఎన్నో కుటుంబాలు వచ్చాయి. 1962 యుద్ధంలో చాలామందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. ఆ తర్వాత కెనడాకూ ఇతర దేశాలకూ వెళ్లిపోయినవాళ్లు ఎక్కువ. బల్లల వెనక ఇప్పుడు చైనా మొహాలు తక్కువే. ఉన్న ఒక పెద్దావిడ బెంగాలీలో బేరమాడి, హిందీలో చిల్లర అడిగి, పక్కనున్న మనవరాలితో ఇంకో భాషలో మాట్లాడింది.

అక్క శనివారపు బాకీ తీర్చుకుంది. చేప ఉండల సూపు, ఆవిరి మీద ఉడికించిన రొయ్యల షుమాయ్, కోడిమాంసం పెట్టిన మెత్తటి బన్ను. పంది మాంసం బన్ను వైపు చూడలేదు, కానీ నేను తింటుంటే "ఎలా ఉంది?" అని మూడుసార్లు అడిగింది. ఇద్దరికీ 310. హోటల్ ఫలహారంతో పోల్చి తేడాను ఆదాయం వైపు రాస్తానంది. అది లెక్క కాదని వాదించాను. మేము పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని మట్టి ప్రమిదల్లాంటి కప్పుల్లో టీ తాగుతూ దీని మీద పోట్లాడుకున్నాము. తాగిన కప్పు విసిరి పగలగొట్టడం ఇక్కడి అలవాటు. అక్కకు చేయి రాలేదు. కడిగి రుమాల్లో చుట్టుకుంది.

గది ఖాళీ చేయడానికి నాలుగింటి వరకు గడువు అడిగితే రెండింటి వరకు ఇచ్చారు. విమానం రాత్రికి. రెండు నుంచి వాన, సామానుతో ఎటూ పోలేక హోటల్ కింద కూర్చున్నాము. కూర్చున్నందుకు ఏదో ఒకటి తీసుకోవాలని నాకొక మొహమాటం. రెండు టీలు చెప్పాను. 700, పన్నుతో 826. టీ బాగుంది. అది ఇంకా బాధ కలిగించింది.

విమానాశ్రయంలో నా క్రెడిట్ కార్డు మీద లాంజ్‌లోకి, అంటే తిండి పెట్టే విశ్రాంతి గదిలోకి, ఒక్కరికే ప్రవేశం. కార్డు నా పేరున ఉంది కాబట్టి లోపలికి పోవాల్సింది నేనే. అక్కను బయట కుర్చీలో కూర్చోబెట్టి, యంత్రం మీద రెండు రూపాయలు గీయించుకుని వెళ్లాను. అన్నం, పప్పు, ఉప్మా, ఏదో కేకు. పళ్లెం పట్టుకుని నిలబడితే అక్క గుర్తొచ్చింది. రెండు చెంచాల ఉప్మా తిని పది నిమిషాల్లో బయటికి వచ్చేశాను. అక్క అప్పటికే సంచిలోంచి ఒక అరిసె తీసి సగం తినేసి, మిగతా సగం నా కోసం కాగితంలో పెట్టి ఉంచింది. "ఎంతైందే లోపల?" "రెండు రూపాయలు." రాసుకుంది.

తర్వాత

మొత్తం 12,566 తేలింది. అందులో 5,860 నా తిరుగు టికెట్టే. టాక్సీలు మూడూ కలిపి 1,140, తిండి 1,850, తెచ్చిన సందేశ్, పుస్తకం, చిల్లరమల్లర ఖర్చులు కలిపి 900. డిపాజిట్ 5,000 గురువారానికి వెనక్కి వచ్చింది, అక్క రబ్బరుతో చెరిపేసింది. రెండు రాత్రులు పడుకున్న గదికి ఒక్క రూపాయి లేదు, నిజమే. మట్టి కప్పు పగలకుండా చేరింది, అందులో ఇప్పుడు లవంగాలు ఉన్నాయి.

నిన్న హోటల్ వాళ్ల ఉత్తరం వచ్చింది. మేము తాగిన రెండు టీలకు గాను నా ఖాతాలో 78 పాయింట్లు జమ చేశారు. అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"వాటికి గడువెప్పుడు?" అని అడిగింది.